యూనిట్ 64 నుంచి ఇ.టి.ఎఫ్. దాకా: మన పొదుపు సొమ్ము నడచిన దారి

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు కోరారు. సంఘ సభ్యులు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్ననే చరిత్రగా వ్రాస్తే ఉపయోగంగా ఉంటుందనిపించింది. రిటైరైనప్పుడు చేతికి వచ్చిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ములో కొంత బ్యాంకులోనే ఉంచుకున్న వారికి ఇప్పుడు రెండు వైపుల నుంచి సలహాలు వస్తున్నాయి. ఊళ్ళో ఉన్న ఏజెంటు మ్యూచువల్ ఫండులో వేయమంటాడు. బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్న అబ్బాయి ఫోనులో "నాన్నగారూ, ఇ.టి.ఎఫ్. కొనండి, ఖర్చు తక్కువ" అంటాడు. రెండింటికీ తేడా ఏమిటో ఇద్దరూ విడమరచి చెప్పరు. నేను ఆర్థిక శాస్త్రం చదివినవాణ్ణి కాను. ట్రెజరీలో ముప్పయి ఆరేళ్ళు గుమాస్తాగా బిల్లులు, చలానాలు చూసి 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ అలవాటుతోనే ఈ పథకాల చరిత్ర చూశాను. ఏ పథకానికైనా రెండు ప్రశ్నలు వేస్తే చాలావరకు దాని గుట్టు తెలిసిపోతుంది. నా సొమ్ము విలువ ఈ రోజు ఎంతో ఎవరు చెబుతున్నారు? నేను అమ్ముతానన్న నాడు దాన్ని ఎవరు తిరిగి కొంటారు?

కథ మన బందరు దగ్గర నుంచే మొదలుపెట్టవచ్చు. 1602లో హాలండు దేశంలో తూర్పు దేశాల వ్యాపారం కోసం ఒక కంపెనీ ఏర్పడింది. దాని మూలధనం సామాన్య పౌరుల నుంచి కూడా పోగుచేశారు, ఆ వాటాలు ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో చేతులు మారేవి. ఆ కంపెనీ వారే 1605లో మచిలీపట్నం రేవుకు చేరి మన అద్దకం బట్టల కోసం వర్తక స్థావరం పెట్టారు. వారి సమాధులు బందరులో ఈనాటికీ ఉన్నాయి. అదే ఆమ్‌స్టర్‌డామ్‌లో 1772-73లో పెద్ద పెద్ద వర్తక సంస్థలు కూలి, జనం దెబ్బతిన్న తరువాత, 1774లో అబ్రహాం వాన్ కెట్విఖ్ అనే వ్యాపారి ఒక ఉపాయం చేశాడు. పలువురు చిన్నవారి దగ్గర డబ్బు పోగుచేసి, దానితో ఎన్నో చోట్ల అప్పు పత్రాలు కొని, అందరికీ వాటాలు వ్రాసి ఇచ్చాడు. ఒక్కచోట నష్టం వచ్చినా మొత్తం మునగదు. ఆ పథకానికి పెట్టిన పేరుకు అర్థం ఐకమత్యమే బలం అని. మ్యూచువల్ ఫండు పుట్టుక అక్కడేనని చరిత్రకారులు చాలామంది అంటారు.

మన డెల్టాలో డబ్బు పోగుపడింది 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయిన తరువాతే. వడ్లమ్మిన సొమ్ము ఎటు పోయేది? పొలం, బంగారం, ప్రోనోటు మీద వడ్డీ, చీటీ పాట. మనవాళ్ళకు వడ్డీ శాతాల్లో చెబితే బుర్రకెక్కదు, రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అని నెలకు వందకు చెప్పాలి. ఆ వడ్డీల బాధ తప్పించడానికే అన్నట్టు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923 నవంబరులో బందరులో లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వచ్చింది. ఇన్సూరెన్సు 1956లో జాతీయమై ఎల్.ఐ.సి.లో కలిసింది. బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మన తరం వారికి డబ్బు దాచుకోవడమంటే ఈ బ్యాంకు, ఎల్.ఐ.సి., పోస్టాఫీసు, ఆపైన చీటీలు. వీటన్నిటిలో ఇంత కడితే ఇంత వస్తుందని ముందే వ్రాసి ఉంటుంది. చీటీలో మాత్రం పాట మీద ఆధారపడి ఉంటుంది గాని, అక్కడ ఎదుటి మనుషులు మనకు తెలిసినవారు.

ఈ అలవాటున్న మన ఇళ్ళలోకి 1964లో కొత్త మాట ఒకటి వచ్చింది. అదే యూనిట్. అంతకుముందు సంవత్సరం పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా 1964 ఫిబ్రవరిలో ఏర్పడి, జూలైలో యూనిట్ స్కీము 64ను అమ్మకానికి పెట్టింది. ముఖ విలువ పది రూపాయలు. దేశమంతటా చిన్న ఉద్యోగులు, వితంతువులు, రిటైరైనవారు కొన్నారు. యూనిట్ అంటే డిపాజిట్ కాదు, ట్రస్టు కొన్న షేర్లలోను, బాండ్లలోను మనకొక వాటా అని ఎవరూ గట్టిగా చెప్పలేదు, మనవాళ్ళూ పట్టించుకోలేదు. ప్రభుత్వం వారిది, ఏటా డివిడెండు వస్తున్నది, ఆదాయపు పన్నులో మినహాయింపు ఉన్నది, ఇంకేమి కావాలి? 1990ల మధ్యలో వరుసగా కొన్నేళ్ళు 26 శాతం డివిడెండు ఇచ్చారు. ఇక్కడ గుమాస్తా లెక్క ఒకటి చెప్పాలి. 26 శాతమంటే పది రూపాయల ముఖ విలువ మీద రెండు రూపాయల అరవై పైసలు. యూనిట్‌ను పదిహేను రూపాయలు పెట్టి కొన్నవాడికి అది పదిహేడు శాతమే. అయినా ఆ రోజుల్లో అది మంచి రాబడే.

చిక్కంతా యూనిట్ ధరలో ఉంది. ట్రస్టు కొన్న షేర్ల ధర మార్కెట్టులో రోజూ పెరుగుతూ, తగ్గుతూ ఉంటే, యూనిట్ ధర మాత్రం ట్రస్టు వారు నిర్ణయించి ప్రకటించేవారు. జూలైలో తక్కువగా మొదలై నెలనెలా కొంచెం చొప్పున పైకి పోయేది. కొనేవారికి అది వడ్డీలా కనిపించింది. వెనకాల ఉన్న ఆస్తుల అసలు విలువ ఎంతో బయటికి చెప్పవలసిన పని లేదు, ఎందుకంటే ఆ స్కీము సొంత చట్టం కింద ఉంది, సెబీ నిబంధనలు దానికి వర్తించలేదు. మొదట్లో ఎక్కువగా బాండ్లలో ఉన్న సొమ్ము 1990లలో ఎక్కువగా షేర్లలోకి మారింది. 1998లో నిల్వలు ఖాళీ అయి పైపెచ్చు వెయ్యి కోట్లకు పైగా లోటు ఉన్నట్టు బయటపడింది. 1999లో ప్రభుత్వం ఆదుకుంది. ధర నిర్ణయించే పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది.

2001 మార్చిలో షేర్ల మార్కెట్టు కూలింది. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద కంపెనీలు యూనిట్‌కు పధ్నాలుగు రూపాయలకు పైగా తీసుకుని నాలుగు వేల కోట్లకు పైగా సొమ్ము వెనక్కు తీసేసుకున్నాయి. అసలు విలువ అంత లేదని వారికి తెలుసు. పోస్టుకార్డు మీద డివిడెండు గురించి వాకబు చేసే మనవంటి వారికి తెలియదు. జూలై 2న అమ్మకం, తిరిగి కొనుగోలు రెండూ ఆరు నెలలు నిలిపివేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. దాదాపు రెండు కోట్ల మంది సొమ్ము అందులో ఉంది. పిల్ల పెళ్ళికి యూనిట్లు పెట్టుకున్నవారు, ఆస్పత్రి ఖర్చుకు పెట్టుకున్నవారు పేపరు పట్టుకుని నిలబడిపోయారు. చివరికి ప్రభుత్వం చిన్నవారికి ఒక పరిమితి వరకు ఆగస్టు నుంచి యూనిట్‌కు పది రూపాయల చొప్పున, నెలకు పది పైసలు పెంచుతూ 2003 మే నాటికి పన్నెండు రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటు చేసింది. మిగిలినవారికి 6.75 శాతం పన్ను లేని బాండ్లు ఇచ్చారు, అవి 2008 మే 31న తీరాయి. ట్రస్టును 2003లో రెండుగా విడదీశారు. అసలు మొత్తంగా పోలేదు గాని, ముందు తెలిసినవాడికి పధ్నాలుగు, తెలియనివాడికి పది అన్న తేడాను ఏ బాండూ పూడ్చలేదు. నా మట్టుకు నాకు మన దేశపు పొదుపు చరిత్రలో ఇంతకంటే గుర్తుంచుకోవలసిన పాఠం కనిపించదు.

మ్యూచువల్ ఫండులనే పేరుతో 1987 నుంచి ప్రభుత్వ బ్యాంకులు, 1993 నుంచి ప్రైవేటు సంస్థలు రంగంలోకి వచ్చాయి. 1996లో సెబీ చేసిన నిబంధనల వల్ల నా మొదటి ప్రశ్నకు మంచి సమాధానం దొరికింది. ఎప్పుడైనా కొని అమ్మగల ఫండులో ప్రతి పనిరోజు సాయంత్రం ఆస్తులన్నిటికీ మార్కెట్టు ధర కట్టి, ఖర్చులు తీసివేసి, యూనిట్ల సంఖ్యతో భాగించి వచ్చిన అంకెను ప్రకటించాలి. దానినే ఎన్.ఎ.వి. అంటారు. ఆ ధరకే ఫండు వారు మన యూనిట్ తిరిగి తీసుకుంటారు. పెద్ద కంపెనీకీ అదే ధర, మనకూ అదే ధర. రెండవ ప్రశ్నకు మాత్రం సమాధానం సంపూర్ణం కాదు. 2020 ఏప్రిల్ 23న ఒక పెద్ద విదేశీ పేరున్న ఫండు సంస్థ ఆరు అప్పుపత్రాల పథకాలను మూసివేసింది. దాదాపు పాతికవేల కోట్లు ఆగిపోయాయి. ఎన్.ఎ.వి. రోజూ పడుతూనే ఉంది, తలుపు మాత్రం మూసి ఉంది. తరువాత వాయిదాల మీద సొమ్ము తిరిగి వచ్చింది, అది వేరే సంగతి. నెల గడవడానికి దాని మీదనే ఆధారపడినవారికి వాయిదా అంటే ఏమిటో మనకు తెలుసు. డి.ఏ. బకాయిల కోసం ఎదురుచూసినవాళ్ళమే కదా!

ఇక ఇ.టి.ఎఫ్. సంగతి. పూర్తి పేరు ఎక్స్ఛేంజి ట్రేడెడ్ ఫండు, అనగా షేరు మాదిరిగా స్టాక్ ఎక్స్ఛేంజిలో కొని అమ్మే ఫండు. దీనికి ముందొక మెట్టు ఉంది. 1976లో అమెరికాలో జాన్ బోగిల్ అనే ఆయన, తెలివిగా షేర్లు ఏరుతామని చెప్పి ఫీజు పుచ్చుకునే మేనేజర్లు చాలామంది మార్కెట్టు సగటును మించలేకపోతున్నారని గమనించి, ఆ సగటునే, అంటే సూచీలో ఉన్న షేర్లన్నిటినీ అదే పాళ్ళలో కొని ఊరుకునే ఫండు పెట్టాడు. ఏరే పని లేదు గనుక ఖర్చు తక్కువ. నవ్వినవారు నవ్వారు. ఆ ఇండెక్సు ఫండునే ఎక్స్ఛేంజి మీదికి తెచ్చింది 1990లో కెనడాలోని టొరాంటోలో, 1993లో అమెరికాలో. మన దేశంలో మొదటిది బెంచ్‌మార్క్ అనే సంస్థ తెచ్చిన నిఫ్టీ బీస్. అది 2001 డిసెంబరులో మొదలై మరుసటి జనవరిలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలోకి ఎక్కింది. యూనిట్ 64 తలుపు మూసిన సంవత్సరమే ఇది వచ్చిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అప్పట్లో ఒక్కో యూనిట్ విలువ నిఫ్టీ అంకెలో పదో వంతుగా పెట్టారు. టీవీలో నిఫ్టీ చూస్తే మన యూనిట్ విలువ మనమే లెక్క వేసుకోవచ్చు, ఎవరి ప్రకటన కోసమూ ఎదురు చూడనక్కరలేదు. 2007లో బంగారం ఇ.టి.ఎఫ్. కూడా వచ్చింది.

సూచీని పట్టుకుని పోవడంలో ఉన్న మేలు మన తెలుగువారికి 2009 జనవరి 7న తెలిసింది. ఆ రోజు సత్యం కంప్యూటర్స్ లెక్కల బండారం బయటపడి, దాదాపు 179 రూపాయల షేరు ఒక్కపూటలో నలభైకి పడింది. తెలిసినవారి కంపెనీ, మన భీమవరం వారిదని ఉన్నదంతా అందులో పెట్టిన కుటుంబాలు డెల్టాలో ఎన్నో. అది అప్పటికి నిఫ్టీలోను, సెన్సెక్సులోను ఉన్న షేరే. ఇండెక్సు ఫండులోను, ఇ.టి.ఎఫ్.లోను ఉన్నవారికి కూడా దెబ్బ తగిలింది గాని, బుట్టలో ఒక్క కాయ కుళ్ళినంతే. కొద్దిరోజుల్లోనే దాన్ని సూచీల నుంచి తీసివేసి మరొక కంపెనీని చేర్చారు.

మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటి. ప్రైవేటు కంపెనీల్లో పని చేస్తున్న మన పిల్లల ప్రావిడెంటు ఫండు సొమ్ములో ఏటా కొత్తగా చేరేదానిలో కొంత భాగాన్ని ఇ.పి.ఎఫ్. సంస్థ 2015 ఆగస్టు నుంచి ఇ.టి.ఎఫ్.లలోనే పెడుతున్నది. మొదట 5 శాతం, 2016లో 10, 2017లో 15 శాతం చేశారు. అంటే మనం వద్దనుకున్నా ఇంట్లో ఇ.టి.ఎఫ్. ఉన్నట్టే.

మరి ఇ.టి.ఎఫ్.లో రెండవ ప్రశ్నకు సమాధానం ఏమిటి? ఫండు వారు మన దగ్గర తిరిగి కొనరు. ఎక్స్ఛేంజిలో ఎవరో ఒకరు కొనాలి. ధర అసలు విలువకు దూరం పోకుండా చూడడానికి కొన్ని పెద్ద సంస్థలుంటాయి. అవి షేర్ల మూటనో, సొమ్మునో ఫండుకు అప్పగించి యూనిట్లు తెచ్చి అమ్ముతాయి, ఎక్కువైతే యూనిట్లు ఇచ్చి మూట వెనక్కు తీసుకుంటాయి. నిఫ్టీ వంటి పెద్ద సూచీలకు ఇది చక్కగా సాగుతుంది. అమ్మకాలు పలుచగా ఉన్నవాటిలో మాత్రం ధర ఒకటి, విలువ ఒకటి అవుతుంది. 2025 అక్టోబరులో వెండి కోసం జనం ఎగబడినప్పుడు కొన్ని వెండి ఇ.టి.ఎఫ్.లు అసలు విలువకంటే బాగా ఎక్కువ ధరకు అమ్ముడుపోయాయి. ఆ తొందరలో కొన్నవారు వెండి ధర తగ్గకపోయినా ఆ పై డబ్బు పోగొట్టుకున్నట్టే. కొట్లో కొనేటప్పుడు తరుగు, మజూరీ గురించి గంటసేపు బేరమాడేవాళ్ళం, ఇక్కడ ఎన్.ఎ.వి. ఎంత, అడుగుతున్న ధర ఎంత అని చూడకపోతే ఎలా?

ఇంకొక చిక్కు డీమాటు ఖాతా. మ్యూచువల్ ఫండుకు అది అక్కరలేదు, ఫండు పుస్తకాల్లో మన పేరుంటే చాలు. ఇ.టి.ఎఫ్. కొనాలంటే డీమాటు ఖాతా, బ్రోకరు తప్పనిసరి. మన హైదరాబాదులోనే పెరిగిన కార్వీ బ్రోకింగు సంస్థ ఖాతాదారుల షేర్లను వారికి తెలియకుండా తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని 2019 నవంబరు 22న సెబీ ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారులు సంతకం చేసి ఇచ్చిన పవరాఫ్ అటార్నీలే అందుకు ఉపయోగపడ్డాయి. ఎనభై వేల మందికి పైగా వారి షేర్లను డిపాజిటరీ తిరిగి చేర్చింది. ఆ తరువాత నిబంధనలు బిగించారు, తాకట్టుకు ఇప్పుడు ఖాతాదారు స్వయంగా ఒప్పుకోవాలి. ఫండుల రిజిస్ట్రారుగా అదే పేరుతో నడచిన సంస్థ అప్పటికే వేరు యాజమాన్యం కిందికి వెళ్ళింది, ఇప్పుడు కెఫిన్ టెక్నాలజీస్ పేరుతో ఉంది. పాత కాగితాల మీద కార్వీ పేరు చూసి కంగారు పడవద్దని ఈ మాట వ్రాస్తున్నాను.

వీటి రెంటికీ చెందనిది ఒకటి మన బెజవాడలోనే జరిగింది. అగ్రిగోల్డు. 1990లలో మొదలై, పొలాలు, ప్లాట్ల పేరు చెప్పి ముప్పయి లక్షలకు పైగా ఖాతాల నుంచి ఆరు వేల కోట్లకు పైగా వసూలు చేసి, 2014 నాటికి చెల్లింపులు నిలిపివేసింది. సెబీ అనుమతి లేదు, రోజువారీ విలువ లేదు, తిరిగి కొనేవాడు లేడు. చేతిలో బాండు కాగితం, ఇంటికి వచ్చి కట్టించుకునే తెలిసిన ఏజెంటు, అంతే. షేర్ల మార్కెట్టు జూదమని దూరంగా ఉన్నవారే అందులో ఎక్కువగా కనిపించారు. 2019 నుంచి ప్రభుత్వం చిన్న మొత్తాల వారికి కొంత చెల్లించింది గాని, మిగిలినవారి కథ మీకు తెలిసిందే.

ఖర్చు సంగతికి వస్తాను. ఏరి కొనే ఫండుల్లో ఏజెంటు ద్వారా చేరితే ఏడాదికి వందకు రెండు రూపాయలు దాకా తీసుకునేవి ఉన్నాయి. మన లెక్కలో పదహారు, పదిహేడు పైసల వడ్డీ. ఇదేమంత అనిపిస్తుంది. లక్ష రూపాయలు ఏటా పది శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే (ఇది ఊహ మాత్రమే, హామీ కాదు), రెండు శాతం ఖర్చు పోతే ఇరవై ఏళ్ళకు 4 లక్షల 66 వేలు అవుతుంది. ఖర్చు వందకు ఇరవై పైసలే అయితే 6 లక్షల 48 వేలు దాటుతుంది. అబ్బాయి చెబుతున్నది ఇదే, అందులో తప్పు లేదు. అతడు చెప్పనిది ఏమిటంటే, 2013 జనవరి నుంచి ఏజెంటు లేకుండా నేరుగా చేరే డైరెక్టు పద్ధతి వచ్చింది, ఆ పద్ధతిలో ఇండెక్సు మ్యూచువల్ ఫండు తీసుకుంటే ఖర్చు దాదాపు ఇ.టి.ఎఫ్. దరిదాపుల్లోనే ఉంటుంది. డీమాటు అక్కరలేదు, ఎన్.ఎ.వి. ధరకే తిరిగి తీసుకుంటారు, నెలకు ఇంత చొప్పున బ్యాంకులో వేయమని ఒక్క కాగితం వ్రాసి ఇస్తే పింఛనులాగా పడుతుంది. ఇ.టి.ఎఫ్.లో ఆ సదుపాయం లేదు, ప్రతిసారీ కంప్యూటరు ముందు కూర్చుని అమ్ముకోవాలి. అందువల్ల మన వయసువారికి నేను ఇండెక్సు ఫండునే మొగ్గు చూపిస్తాను, మనుమల కోసం డీమాటు ఖాతా నడపగల ఓపిక ఉన్నవారికి ఇ.టి.ఎఫ్. బాగానే ఉంటుంది. ఏదైనా సరే షేర్ల సొమ్ము అయిదారేళ్ళు ముట్టుకోనక్కరలేనిదై ఉండాలి. మందుల ఖర్చు, ఇంటి ఖర్చు బ్యాంకులోను, పోస్టాఫీసులోను ఉండవలసిందే. ఏజెంట్లను నేను తీసిపారేయడం లేదు సుమా. భర్త పోయిన తరువాత ఆ కాగితాలన్నీ సరిచేసి ఆమె చేతికి సొమ్ము ఇప్పించిన ఏజెంటును నేను ఎరుగుదును. అంతపాటి మనిషి దొరికితే ఆ పదహారు పైసలు ఇవ్వవచ్చు.

గ్రీన్ కార్డు తీసుకుని పిల్లల దగ్గరకు వెళ్ళే సభ్యులకు ఒక హెచ్చరిక. అమెరికా పన్ను చట్టం మన దేశపు మ్యూచువల్ ఫండులను, ఇ.టి.ఎఫ్.లను ఒక ప్రత్యేక తరగతి విదేశీ కంపెనీలుగా చూసి భారీగా పన్ను వేస్తుంది, ఫారం 8621 దాఖలు చేయమంటుంది. ఇక్కడి రెండూ అక్కడ ఒకే గాటన కట్టబడతాయి. విమానం ఎక్కకముందే అక్కడి పన్నుల లెక్క తెలిసినవారిని అడగండి.

ఇక ట్రంకుపెట్టెల్లో పాత ఫండు కాగితాలున్నవారు చాలామంది ఉన్నారు. చిరునామా మారి, బ్యాంకు ఖాతా మారి, భర్త పేరుతోనే ఉండిపోయిన యూనిట్లను వెదకడానికి 2025లో సెబీ ఏర్పాటుతో మిత్ర అనే సదుపాయం వచ్చింది. పాన్ నంబరు, పుట్టిన తేదీ వంటివి ఇస్తే రిజిస్ట్రారులు వెదికి చెబుతారు. ఉన్నవారు నామినేషను వెంటనే వ్రాయించండి. ఫోలియో కాగితం, పాన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం తీసుకుని ప్రతి నెల మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు సంఘ కార్యాలయానికి వస్తే దరఖాస్తు నింపడంలో నేను సాయపడతాను. చదువుకున్న మనుమరాలో, మనుమడో వెంట ఉంటే పని ఇంకా తొందరగా అవుతుంది.